కుంగిన మనసునకు తోడునడక

“లేచి నాలుగడుగులు నడువరాదా? ఊరక కూర్చుండినచో మనసెట్లు బాగుపడును?” దిగులుతో మూలను చేరినవారిని చూచి మన యిండ్లలో పెద్దలు తరచుగా పలుకు మాట యిది. ఇందు సగము సత్యమును, సగము అన్యాయమును కలవని మా యభిప్రాయము.

సత్యమేమన, కుంగుబాటు అను వ్యాధియందు నడక, ఆటలు మొదలగు దేహపరిశ్రమ మేలుచేయునని వైద్యులు పెక్కు పరిశోధనలచే తెలిసికొనిరి. పెద్దలు వారమునకు 150 నిమిషములైనను, బడిపిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను దేహమును కదల్పవలెననియు, బొత్తిగా లేకుండుటకంటె కొంచెమైనను మేలనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది.

అన్యాయమేమన, ఈ వ్యాధి హరించునది ఆ లేచు శక్తినే. నిద్ర చెడును, అలసట విడువదు, మునుపు ప్రీతిగొలిపిన పనియే భారమగును. అట్టివారిని సోమరులని నిందించినచో వారు మరింత కుంగుదురే కాని లేవరు.

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలకొలది జనులు మరణించిరి. ఆలుబిడ్డలను పోగొట్టుకొని కదలక కూర్చున్నవానిని సోమరియనుటకు ఎవరికి నోరు వచ్చును? పైకి ఏ యుప్పెనయు కనబడని కుంగుబాటునెడల మాత్రము మనము ఆ కనికరమును చూపము.

ఇతర ఆటంకములును కలవు. వేసవిలో బందరు ఉక్కకు పగటివేళ బయట అడుగిడుట కష్టము. వానకాలమున కాలువగట్లు బురదతో జారును. స్త్రీ యొంటరిగా నడువబోయిన “ఎక్కడికి?” అని నలుగురు అడుగుదురు. ఇక పాఠశాలలలో ఆటస్థలము గెలుచువారి సొత్తగుచున్నది. ఏ జట్టునను చేర్చుకొనబడని బాలుడు చెట్టునీడను చేరును.

మరి తోడ్పడునదేది? మందలింపు గాదు, తోడు. “నడువుము” అనుటకంటె “రమ్ము, కలిసి నడుతము” అనుట మేలు. మొదటినాడు వీధి చివర వరకు చాలును. గుడివాడయందైనను, బందరునందైనను, దివిసీమ పల్లెలయందైనను వేకువనో సందెవేళనో ఎన్నుకొనవలెను. మొక్కలకు నీళ్లు పోయుట, అంగడికి పోయివచ్చుట కూడ పరిశ్రమయే. నేడు రానన్నవారిని నిందింపక, రేపు మరల పిలువవలెను.

అయినను నడక వైద్యమునకు బదులు గాదు. దిగులు రెండు వారములు దాటినను విడువనిచో వైద్యుని చూడవలెను. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును. ప్రాణము తీసికొనవలెనను తలంపు కలిగినచో ఒక్క దినమైనను ఆగరాదు.

తల్లిదండ్రులారా, బిడ్డను కదలుమని యాజ్ఞాపించుటకు ముందు మీరే చెప్పులు తొడుగుకొని వాకిట నిలువుడు. విద్యార్థులారా, చెట్టునీడనున్న మీ తోడివానిని నేటి సాయంకాలమే ఆటకు పిలువుడు. వాడు బాగుగా ఆడునా లేదా యని మాత్రము చూడకుడు.