మన హాస్టల్లో నర్సమ్మ ఉండాలి



"ఆరోగ్యమే మహాభాగ్యం" అని మన భోజనాల హాలు గోడ మీద రాసి ఉంది. మూడు పూటలా చదువుతున్నాం. కానీ ఆ భాగ్యాన్ని చూసుకునే మనిషి ఇక్కడ లేరు. మనతోపాటు హాస్టల్లోనే ఒక నర్సమ్మ ఉండాలని నా అభిప్రాయం. ఎందుకో రాస్తున్నాను.

ఎవరికైనా జ్వరమో, గజ్జో వస్తే రెండు రోజులు చూసి ఇంటికి పంపుతారు. ఇంటికి వెళ్తే జబ్బు తగ్గుతుందా? మా ఊరికి బస్సు దిగి కొండ ఎక్కి నడవాలి. మా అమ్మానాన్నలకు చదువు రాదు. మందు చీటీ చేతిలో పెడితే ఏ బిళ్ళ ఎప్పుడు వెయ్యాలో తెలీదు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇంతే. ముందు దిసారి దగ్గరికి తీసుకెళ్తారు. ఈలోగా పది రోజుల పాఠాలు పోతాయి. ఆడపిల్లయితే "ఇంక చదివింది చాల్లే, పోడు పనికి రా" అంటారు. ఆరో తరగతిలో మనతో కూర్చున్న వాళ్ళందరూ ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నారా? మీరే లెక్క పెట్టండి.

అమెరికాలో న్యూయార్క్ నగరంలో కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. కంటి జబ్బు, తామర, పేలు ఉన్న బీద పిల్లల్ని బడి నుంచి పంపేసేవారు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సమ్మను నాలుగు బడులకు వేశారు. ఆమె బడిలోనే మందు రాసింది. ఇళ్ళకు వెళ్ళి తల్లులకు శుభ్రం గురించి చెప్పింది. బడి మానే పిల్లలు బాగా తగ్గిపోయారు. నూట ఇరవై ఏళ్ళ కిందట అక్కడ జరిగిన పని ఇక్కడ ఎందుకు జరగకూడదు?

ఇంకో సంగతి. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. ఆడపిల్లలకు నెలసరి వస్తుంది. కడుపునొప్పితో మెలికలు తిరిగినా సార్లకు చెప్పలేం. మేడమ్ గారికి చెబుదామంటే ఆమె చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు, బియ్యం లెక్కలు, కూరగాయల లెక్కలు ఉంటాయి. ఆమె తప్పు కాదు. ఒక్క మనిషి ఎన్ని చూస్తుంది? చెప్పింది కడుపులో దాచుకునే నర్సమ్మ ఉంటే మేము చెబుతాం.

వారానికి ఒకసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు కదా. 2019-21లో దేశమంతటా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. మరి ఆ మాత్రలు కొన్ని బాత్‌రూముల వెనక ఎందుకు పడి ఉంటున్నాయి? వికారం వస్తుందని ఒకరు, దొడ్డికి నల్లగా అవుతుందని ఇంకొకరు, పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరట అని మరొకరు అంటారు. నల్లగా రావడం మామూలే. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. టీతో వేసుకోకూడదు. పిల్లలు పుట్టరన్నది ఉత్త పుకారు. ఈ నాలుగు మాటలు ఓపిగ్గా చెప్పే మనిషి లేకపోతే మాత్ర వచ్చినా లాభం లేదు.

సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు మన ఆదివాసుల్లో ఎక్కువ. అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది, అంటుకునేది కాదు. ఈ జబ్బు కోసం 2023 జూలై 1న దేశంలో ఒక మిషన్ మొదలుపెట్టారు. ఈ జబ్బున్న పిల్లకు చలిలో కీళ్ళు విపరీతంగా నొప్పెడతాయి. తెలియనివాళ్ళు "బద్ధకం, వేషాలు" అంటారు. నర్సమ్మ దగ్గర ఎవరికి ఏ జబ్బుందో కార్డు ఉంటే ఆ పిల్ల తిట్లు తినదు, వేళకు ఆసుపత్రికి వెళ్తుంది.

"పీహెచ్‌సీలో నర్సు ఉందిగా" అని కొందరు అంటారు. ఉంది. ఆమెకు ఆమె ఊళ్ళున్నాయి, బాలింతలున్నారు. మన జ్వరాలు రాత్రిపూటే ఎక్కువ వస్తాయి. ఆ నర్సమ్మకు మన భాష కూడా వస్తే మరీ మంచిది. కొత్తగా చేరిన చిన్నపిల్లలకు నొప్పి ఎక్కడో చూపించడం వచ్చు గానీ, ఎలా ఉందో చెప్పడానికి తెలుగు మాట దొరకదు.

నర్సమ్మ వచ్చేదాకా మనం చేయగలిగినవి ఉన్నాయి. తరగతికి ఇద్దరు చొప్పున ఆరోగ్య లీడర్లు ఉండాలి. జ్వరం వచ్చినవాళ్ళ పేరు, తేదీ ఒక పుస్తకంలో రాయాలి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్షకు పంపాలి, మలేరియా ఆగదు. గజ్జి వస్తే ఒక్కరికే కాదు, గది మొత్తానికి ఒకేరోజు మందు రాయాలి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. లేకపోతే ఒకరికి తగ్గేలోపు ఇంకొకరికి వస్తుంది.

వార్డెన్ మేడమ్ గారూ, హెడ్మాస్టర్ గారూ, పై ఆఫీసర్లు వచ్చినప్పుడు దయచేసి ఈ మాట అడగండి. మనం అర్జీ రాస్తే అందరం సంతకాలు పెడతాం. మేం ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాం. జబ్బు చేస్తే ఇంటికి పంపకండి, ఇక్కడే నయం చేయించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని