బొత్తామునకు లేని మైల తోలునకేల?

బ్రహ్మంగారిమఠము చుట్టుపట్ల నున్న పల్లెలలో నొకదానియందు నేను ఉపాధ్యాయుడను. వారమున కొకదినమైన పిల్లలకు చేతిపని నేర్పవలెనని తలచి, తరగతిలోని బాలురకును బాలికలకును తలకొక తోలుముక్కను, రెండేసి టిచ్చు బొత్తాములను పంచిపెట్టితిని. కలముల నుంచుకొనుటకు చిన్న సంచిని కుట్టి, దాని మూతకు బొత్తాము బిగించుటయే ఆనాటి పాఠము. మరునాటి యుదయమున చదువుకొనిన గృహస్థు డొకరు నాయొద్దకు వచ్చి, "సారూ, మావానికి శ్లోకాలు చెప్తారని మీ తరగతిలో వేస్తిమి గాని, చెప్పులు కుట్టిస్తారని కాదు" అనిరి. ఆ మాట పలుకునప్పుడు వారి చంకలో తోలుసంచి యుండెను. నడుమున తోలుపటకా యుండెను. మణికట్టున గడియారపు తోలుపట్టె యుండెను. వాకిట విడిచిన పాదరక్షల సంగతి చెప్పనేల? వారు కోపముతో సంచిని మూయగా దాని బొత్తాము టిక్కుమని పలికినది. నేను చెప్పదలచిన బదులు నాకంటె ముందు అదియే చెప్పినది.

ఆ బొత్తాము చెప్పిన బదులును విప్పి వ్రాయుటయే యీ వ్యాసము.

ఈ బొత్తాము మన దేశమున పుట్టినది కాదు. 1885లో హెరిబర్ట్ బావర్ అను జర్మనుదేశీయుడు దీనికి పేటెంటు పొందెను. నాటినుండి అది ఖండములు దాటివచ్చి మన రవికెలకును, పసిపిల్లల చొక్కాలకును, చేతిసంచులకును అంటుకొన్నది. దానిని చేసినవా డెవ్వడో, వాని కులమేదో, వా డేమి భుజించునో మన మడుగలేదు. తోలు మాత్రము మన పల్లెపశువుదే. తంగేటిచెక్కతోను కరక్కాయతోను దానిని పదునుచేసిన విద్య మన పొరుగువారిదే. పరదేశపు లోహమునకు లేని మైల స్వగ్రామపు తోలున కెట్లు వచ్చినది? ఆ మైల తోలులోనిది కాదు గనుకనే. అది తోలును ముట్టినవాని పుట్టుకమీద మనము మోపినది.

శాస్త్రము తోలును నిషేధించుచున్నదందురా? ఉపనయనమున వటువునకు కృష్ణాజినము ధరింపజేయుచున్నాము. అజినమనగా తోలు గాక మరేమి? ఋషులు వ్యాఘ్రచర్మముపై కూర్చుండిరని చిత్రపటములు వ్రాయించి గోడలకు తగిలించుకొనుచున్నాము. మృదంగమునకు తోలు మూయనిచో కచేరి లేదు. కపిల తోలినదినములలో బావిలోని నీరు తోలుబానలో పైకివచ్చి మన మళ్లను తడిపినది. ఆ నీటితో పండిన ధాన్యమును మనము మడికట్టుకొని వండుకొంటిమి. తోలు మనకు ఏనాడును మైల కాలేదు. దానిని మనకు సిద్ధముచేసి యిచ్చిన చేయి మాత్రము మైలయైనది.

ఇతర స్థలములలో నీ యన్యాయమును సహించువా రుండవచ్చును. ఈ స్థలమున నది మరింత సిగ్గుచేటు. మఠమున్న కందిమల్లాయపల్లెలో జీవసమాధి పొందిన వీరబ్రహ్మేంద్రస్వామి విశ్వబ్రాహ్మణుడు. ఆయన శిష్యులలో సిద్ధయ్య దూదేకులవాడు. కక్కయ్య మాదిగ యని సంప్రదాయము చెప్పుచున్నది. ఏటేట వైశాఖ శుద్ధ దశమినాటి యారాధనకు వచ్చి కక్కయ్య కథ విని కన్నీరు తుడుచుకొనువారమే, యింటికి మరలి, మన పిల్లవాడు తోలు ముట్టెనని స్నానము చేయింతుమా? ఇంకొక సంగతి కూడ విచారింపుడు. కమ్మరి కొలిమి మండవలెనన్న తోలుతిత్తి కావలెను. ఆ తిత్తి కుట్టినవాడు లేనిదే నాగలికి కర్రు లేదు. లోహమునకును తోలునకును గల చుట్టరికము నేటిది కాదు. టిచ్చు బొత్తాము ఆ చుట్టరికమునే చిన్నరూపమున మరల చూపుచున్నది.

ఇక "అందులో విద్య యేమున్నది? సుత్తితో కొట్టుటయే గదా" అనువారికి నా యనుభవమే సమాధానము. బొత్తామున నాలుగు తునుక లుండును. మూతకు టోపీయు గిన్నెయు. క్రిందిపొరకు కాడయు బొడిపెయు. వీనిని లైనులతో కొలుతురు; లైననగా అంగుళములో నలువదవ వంతు. 24 లైనుల బొత్తామనగా సుమారు 15 మిల్లీమీటర్ల వెడల్పుగలది. నేను మొదటిసారి బలముకొలది మొత్తగా కాడ ప్రక్కకు వంగి తోలు చిరిగినది. ఆరాధన దినములలో బాటప్రక్క కూర్చుండి సంచులు బాగుచేయు నొక వృద్ధుడు నా యవస్థ చూచి నవ్వి, "బలంగా కొట్టేది గాదు సారూ, నిలువుగా కొట్టాల. కొట్టినాక తిప్పి చూడండి. తిరిగితే ఇంకొక దెబ్బ" అనెను.

ఆ యొక్క మాటలో నొక పాఠ్యపుస్తక మున్నది. కాడ తోలుమందమును దాటి రమారమి 3 మిల్లీమీటర్లు పైకి రావలెను. ఎక్కువైన వంగును, తక్కువైన విచ్చుకొనదు. తోలు పలుచనైనచో చిన్న తోలుబిళ్లను అడుగున చేర్చవలెను. రంధ్రము కాడకు సరిగా పట్టవలెనేగాని వదులు కారాదు. టోపీ క్రింద గుంటగల దిమ్మ లేనియెడల దాని నునుపు వంపు అణగిపోవును. మెత్తనికొయ్యపై నుంచి కొట్టిన దెబ్బను కొయ్యయే మ్రింగివేయును. రాతిపై నుంచినగాని కాడ విచ్చుకొనదు. అన్నిటికంటె మిన్నయైన సూత్ర మింకొకటి: సంచిలో వస్తువుల నుంచి, మూతవేసి, అప్పుడే రెండవసగమునకు గుర్తుపెట్టవలెను. వట్టిసంచికి కొలిచిపెట్టిన బొత్తాము నిండుసంచికి అందదు. ఇందు గణితము లేదా? బలముయొక్క దిశ లేదా? ముందుచూపు లేదా?

రసాయనశాస్త్రమును కలదు. తంగేటిచెక్కతో పదునైన తోలునకు ఇనుపబొత్తాము బిగించి తడి తగులనిచ్చినచో చుట్టును నల్లని మచ్చ పడును. ఇత్తడి కట్టి మచ్చ పెట్టదు. చెక్కలోని వగరుసారము ఇనుముతో కలిసి నలుపగుటయే దీనికి కారణము. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి మన పూర్వులు సిరా చేసికొన్నదియు నీ ధర్మముచేతనే. పండితుని గ్రంథము వ్రాసిన నలుపును, చర్మకారుని తోలుపై పడిన నలుపును ఒక్కటే. మొదటిదానికి సరస్వతి యనియు రెండవదానికి మైల యనియు పేరుపెట్టిన తర్కము నాకు గురువు లెవ్వరును చెప్పలేదు.

నిజమైన మైల లేకపోలేదు. శుద్ధిచేయని తోళ్లకార్ఖానాల నీటిచే పాలారునది పరీవాహము చెడిపోగా, వేలూరు పౌరుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1996లో తీర్పుచెప్పవలసివచ్చినది. ఆ నీరు త్రాగినవారి బాధకు మనలో నెందరు స్నానము చేసిరి?

ఇంతవరకు వ్రాసినది సులభము. మూడవనాడు మరియొక తండ్రి వచ్చెను. తరతరములుగా తోలుపని చేసిన యింటివాడు. ఆయన కోపింపలేదు. "మా నాయన ఆరె పట్టె, నేను పడితి. నా బిడ్డకు పుస్తకమిస్తారని పంపితే మీరు గూడ ఆరె ఇస్తిరే సారూ" అనెను. మొదటివారి మాటకు నాకు నవ్వు వచ్చినది; ఈ మాటకు తల వంగినది.

ఆయన భయము నిరాధారము కాదు. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి ప్రభుత్వము పల్లెపిల్లలకు పూటబడి పెట్టి, మిగిలిన పూట తలిదండ్రుల వృత్తి నేర్చుకొనుడని విధించినది. కులవృత్తినే మరల తలకు కట్టుచున్నారని జనులు తిరుగబడగా 1954లో ఆ పథకము రద్దయినది. రద్దగుట న్యాయమే. మాదిగపిల్లకు తోలును, శాస్త్రిగారి పిల్లవానికి శ్లోకమును పంచిపెట్టు బడి బడి కాదు. అది పాత యూరే. కావున నా నియమ మిది: తోలు పట్టినచో తరగతి యంతయు పట్టవలెను, శ్లోకము చదివినచో తరగతి యంతయు చదువవలెను. ఒక్కరిని మినహాయించినను ఆ పాఠము మానవలెను. ఆయన బిడ్డకు ఆరెతోపాటు పుస్తకమును, మొదటి గృహస్థుని కుమారునికి పుస్తకముతోపాటు ఆరెయు అందినగాని రెంటి మైలయు వదలదు.

దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముడు తన చేతులతో చెప్పులు కుట్టి, తన్ను చెరబెట్టిన జనరల్ స్మట్సున కిచ్చెను. బారిష్టరు చదువు దానివలన తగ్గలేదు. 2020నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వరకు తరగతుల పిల్లలు పదిదినములు పుస్తకసంచి లేక స్థానిక వృత్తినిపుణులయొద్ద నేర్చుకొనవలె నన్నది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు అని పేర్లు చెప్పి, "మొదలగువారు" అన్నది. చర్మకారుడు ఆ "మొదలగు"లో నున్నాడు కాబోలు! అతనిని అందుండి పైకి తీసి పేరుపెట్టి పిలుచుట మన పని.

నే నా తండ్రినే పిలిచితిని. "మీరే వచ్చి పిల్లలకు చూపుడు, కూలి కాదు, గురుదక్షిణ యిత్తుము" అంటిని. ఆయన చాలసే పాలోచించి, "వస్తా గాని సారూ, కుర్చీ వేస్తారా?" అని యడిగెను.

గృహస్థులారా, గృహిణులారా! నలువదేండ్లు దాటిన నేను సంస్కృతమును ఆంగ్లమును చదివితిని. ఇంత చిన్నప్రశ్న నన్నింతగా శోధించిన సందర్భ మింకొకటి లేదు. కుర్చీ వేసితిమి. ఆయన కూర్చుండెను. ఆనాడు ముప్పదిమంది పిల్లలు బొత్తాములు బిగించిరి. కొన్ని వంగినవి, తక్కినవి నిలిచినవి. మొదటి గృహస్థుని కుమారుని బొత్తాము మూడవ దెబ్బకు నిలిచినది. ఆ సంచి వారి యింటిలోనికి పోయినదో, వాకిటనే యాగినదో నేను విచారింపలేదు. మీ పిల్లలు నేడో రేపో అట్టి సంచినే తెత్తురు. దానిని మీ రెచట నుంతురో నిర్ణయించుకొనుడు.