వేలు పోయినవాణ్ణి కాళ్ళరిగేలా తిప్పటమా?



మన కోయంబత్తూరుకు ఇ.ఎస్.ఐ. పథకం 1955లో వచ్చింది. ఆనాటి నుండి చందా కోతకు ఆలస్యం అన్నది లేదు. 2019 జూలై నుండి జీతంలో నూటికి 75 పైసలు మన వాటా, 3 రూపాయల 25 పైసలు యాజమాన్యం వాటా. వసూలులో ఇంత చురుకైన కార్పొరేషను, కార్డింగు మిషనులో చేయి పడినవాడికి ఎంత ఇవ్వాలో తేల్చటంలో మాత్రం నత్తనడక నడుస్తున్నది.

లెక్క చూడండి. అంగవైకల్య భత్యం పూర్తి రేటు సగటు దినకూలిలో 90 శాతం. కూలి 500 అయితే 450 రూపాయలు. 1948 చట్టపు పట్టికలో చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం, ఒక కణుపు పోతే 9 శాతం. అంటే ఒకరికి రోజుకు 63 రూపాయలు, మరొకరికి 40 రూపాయల 50 పైసలు. తేడా నెలకు 675 రూపాయలు. అదీ బతికినంత కాలం! తెగిన వేలికి పట్టికలో కొలత ఉన్నది. నలిగి బిగుసుకుపోయి ముడవని వేలికి లేదు. దానికి శాతం వేసేది మెడికల్ బోర్డే. రెండు వేళ్ళు ముడవకపోతే రింగ్ ఫ్రేము దగ్గర తెగిన నూలు అతకటం కుదరదని ఆ డాక్టర్లకు ఎవరు చెప్పాలి? పని తెలిసిన మనమే చెప్పాలి.

బోర్డు నిర్ణయం నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు గాని, నేరుగా ఇన్సూరెన్సు కోర్టుకు గాని వెళ్ళవచ్చును. పాత నిబంధనలలో పెట్టిన గడువు మూడు నెలలు. మనకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చేతికొచ్చే కాగితం ఇంగ్లీషు. చదివించుకునేసరికే నెల గడుస్తుంది. ఆపైన వకీలు ఫీజు, బస్సు ఛార్జీ, పోయిన షిఫ్టుల కూలి. నెలకు 675 కోసం ఇంత ఖర్చా అని ఇంట్లోవాళ్ళు అడిగితే జవాబు చెప్పలేక ఊరుకున్నవారు చాలామంది నాకు తెలుసు. అవతలి పక్షం అధికారికి ఆలస్యమైనా నెల జీతం ఆగదు. కనుక బోర్డు పిలిచిన రోజు దారిఖర్చు, కూలి నష్టం కార్పొరేషనే భరించాలి. అప్పీలు గెలిస్తే వకీలు ఖర్చూ భరించాలి. ఇది దయ చూపమని అడగటం కాదు, మన చందా సొమ్మే.

మరొకటి. గాయం ముదిరితే మళ్ళీ అంచనా వేయించుకోవటానికి 1948 చట్టం 55వ సెక్షను ఐదేళ్ళు ఆగమన్నది. తాత్కాలిక అంచనా అయితే ఆరు నెలలు. అంతకు ముందే కావాలంటే ట్రిబ్యునల్ అనుమతి. రోజురోజుకూ చేయి కొయ్యబారుతున్నవాడు ఐదేళ్ళు ఎలా ఆగుతాడు?

పత్తి దుమ్ము జబ్బు సంగతి ఇంకా అన్యాయం. బిసినోసిస్ అంటారు, వృత్తి వ్యాధుల షెడ్యూలులో దాని పేరున్నది. బ్లోరూములో, కార్డింగులో చేసినవారికి వారపు సెలవు తరువాత మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. అదే దాని గుర్తు. ఎక్స్‌రేలో అది తేలదు. గొట్టంలోకి ఊదించి చూసే పరీక్ష షిఫ్టుకు ముందూ, తరువాతా చేయాలి. మధురలో, కోయంబత్తూరులో దగ్గుతూ రిటైరయిన మన పెద్దలలో ఎందరిచేత ఆ పరీక్ష చేయించారు? చుట్ట మానుకోమని చెప్పి పంపటం సులువు.

2025 నవంబరు 21 నుండి 1948 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. గాయాల పట్టిక ఇప్పుడు అందులో నాలుగవ షెడ్యూలు. దాని కింద నిబంధనలు కుదురుకునేలోగానే జెండా రంగు చూడకుండా సంఘాలన్నీ కలిసి ఈ ఖర్చుల విషయం, ఐదేళ్ళ విషయం గట్టిగా అడగాలి.

వకీలు లేనిదే కోర్టుకెక్కలేమని భయపడకండి. కార్మికుడు రాసి ఇస్తే రిజిస్టరయిన యూనియన్ బాధ్యుడు ఇన్సూరెన్సు కోర్టులో నిలబడి మాట్లాడవచ్చునని 1948 చట్టం 79వ సెక్షనులోనే ఉన్నది. ఈ హక్కును మన సంఘాలు వాడుకున్నది తక్కువ. అందుకే వచ్చేదాంట్లో వాటా అడిగే దళారులు బాగుపడ్డారు.

దెబ్బ తగిలితే ఆ షిఫ్టులోనే ప్రమాదాల పుస్తకంలో రాయించండి. "ముందు కట్టు కట్టించుకో, తరువాత చూద్దాం" అనే మేస్త్రీ మాట వినవద్దు. కాంట్రాక్టు మీద వచ్చిన ఆడపిల్లలకు ఈ సంగతి మీరే చెప్పండి, వారికి చెప్పేవారు లేరు. బోర్డు కాగితం అందిన రోజే, కవరు మీది తపాలా ముద్రతో సహా, యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. ఆదివారం ఉదయం నేను అక్కడే ఉంటాను.

— కార్యదర్శి