తనను తాను దిద్దుకొను యంత్రము

మన గుండె కొట్టుకొనుటకు మన యాజ్ఞ నపేక్షింపదు. ఎండలో నడచినచో చెమట పట్టును. చలి సోకినచో మేను వణకును. సృష్టికర్త యేర్పరచిన నరములలో నొక భాగము మన కెరుక లేకయే యీ పనులన్నియు నడపుచున్నది. కంప్యూటరులకును ఇట్టి యేర్పాటు కావలెనని 2001వ సంవత్సరమున ఐ.బి.యం. సంస్థవారు ప్రకటించిరి. యంత్రములు పెరిగినకొలది వానిని కాచు నిపుణులు చాలకపోవుటయే యందులకు కారణము. అవి తమ్ము తామే యమర్చుకొనవలెను, చెడినచో బాగుచేసికొనవలెను, పనిని తగినట్లు సర్దుకొనవలెను, దాడినుండి కాపాడుకొనవలెను అని వారి యాశయము.

తలంపు మంచిదే. ముండ్లమూరు వంటి గ్రామమున కంప్యూటరు చెడినచో దర్శికో ఒంగోలునకో కబురు పంపవలసిన మనకు ఇది మరింత మేలు.

ఐనను నాకొక సందేహము కలదు. 2024వ సంవత్సరము జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన సవరణ యొకటి, ఎవరి నడుగకయే యంత్రములలో ప్రవేశించి, సుమారు 85 లక్షల విండోస్ యంత్రములను నిలిపివేసెను. ఇది పైన చెప్పిన స్వయంపాలనము పూర్తిగా కాకున్నను ఆ దారిలోని పనియే. కాపాడవలసినదే కూలద్రోసెను! పెక్కుచోట్ల మనుష్యుడు యంత్రము చెంతకు పోయి, తప్పు దస్త్రమును చేతితో తొలగింపవలసివచ్చెను. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయములో ఇండిగో సంస్థవారు బోర్డింగు చీట్లను చేతితో వ్రాసి యిచ్చిరి. అది చూచి పలువురు నవ్విరి. కలము పట్టి పని సాగింపగలవా రింకను అచట నున్నారుగదా యని నేను సంతసించితిని.

ఉపాధ్యాయుడు లేనప్పుడును శ్రద్ధగా చదువుకొను తరగతి మంచి తరగతియే. కాని తరగతి నాయకునికి పని యప్పగించునపుడు, ఎంతవరకు వాని యిష్టమో, ఎప్పుడు వచ్చి నాతో చెప్పవలెనో ముందే చెప్పుదును. యంత్రమునకును అట్టి హద్దు కావలెను. క్రొత్త సవరణను మొదట కొలది యంత్రములపై పరీక్షించి పిదపనే తక్కినవానికి పంపవలెను. ఆ సంస్థవారును దుర్ఘటన పిమ్మట ఇట్లే చేయుదుమనిరి. చేసిన మార్పును వెనుకకు తీసికొను త్రోవ యుండవలెను. అది తాను చేసిన పనిని మనకు తెలియునట్లు వ్రాసి యుంచవలెను.

ఆ వ్రాతను చదువగలవా రెవరు? మన బాలబాలికలు మీటలు నొక్కుట మాత్రమే నేర్చుచున్నారు. మార్కుల పట్టిక కంప్యూటరులో చేరినను, నా తరగతిలో కాగితముపై నొక ప్రతి వ్రాయించుచునే యున్నాను. ఇది పాతకాలపు పని యని పెద్ద తరగతివారు గొణుగుదురు, గొణుగనిండు. పూర్వవిద్యార్థులలో నెవరైనను మూలపడిన కంప్యూటరు నొకదానిని మన పాఠశాలకిచ్చినచో, దానిని విప్పి, లోన నేమున్నదో వారికి చూపదలచియున్నాను.