నాలుగు చక్రాలకూ బలముంది, పట్టు ఏదీ?

2024 మార్చి 1న కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల మీద మంచు తుపాను విరుచుకుపడింది. పాలిసేడ్స్ టాహో స్కీ కొండ కొసన గాలి గంటకు 190 మైళ్ల వేగాన్ని తాకింది. కాల్‌ఫాక్స్ నుంచి నెవాడా సరిహద్దు దాకా ఇంటర్‌స్టేట్ 80 దాదాపు 100 మైళ్ల మేర మూతపడింది. ఎదుట ఏముందో కనిపించని మంచు దుమారం ఒక కారణం. జారి అడ్డం తిరిగిన వాహనాలు మరో కారణం. తుపాను వస్తోందని వాతావరణ శాఖ ముందే గట్టిగా చెప్పింది. అయినా కార్లు కొండెక్కాయి.

గాలిని ఎవరూ ఆపలేరు. కార్లు జారడం మాత్రం చాలావరకు ఆపగలిగిన విషయమే. బే ఏరియాలోని ఫ్రీమాంట్, సన్నీవేల్, డబ్లిన్‌ల నుంచి ప్రెసిడెంట్స్ డే సెలవులకు పులిహోర డబ్బాలు సర్దుకుని టాహోకు బయల్దేరే తెలుగు కుటుంబాల్లో ఏటా ఒక మాట వినిపిస్తుంది: “మనది ఆల్‌వీల్ డ్రైవ్ కదా అన్నా, టైర్లకు చెయిన్లెందుకు?” ఆ మాట ప్రాణాల మీదికి తెస్తోంది.

ఆల్‌వీల్ డ్రైవ్ చేసే పని ఒక్కటే. ఇంజన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచుతుంది. కదలడానికి, ఎత్తు ఎక్కడానికి అది బాగా పనికొస్తుంది. ఆగడానికి పనికిరాదు. ఎంత చవక కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి, బ్రేకు తొక్కిన క్షణాన అందరూ సమానమే. బురదలో దిగబడ్డ బండిని రెండో జత ఎద్దులు బయటికి లాగుతాయి. వాలులో జారే బండిని ఆపడం వాటి వల్ల కాదు. పైగా కారు సులువుగా ఎక్కేస్తుంటే రోడ్డు ఎంత జారుడుగా ఉందో నడిపేవాడికి తెలియదు. ఆ సంగతి దిగేటప్పుడు, మొదటి మలుపులో తెలుస్తుంది.

లెక్క చూడండి. గంటకు 30 మైళ్ల వేగంలో ఉన్న కారు పొడి రోడ్డు మీద బ్రేకు తొక్కాక సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద అదే కారుకు 45 మీటర్లు పైనే కావాలి. గాజులా గడ్డకట్టిన చోట 90 మీటర్లు. మనిషి తేరుకుని బ్రేకు మీద కాలు వేసే సమయం ఇందులో లేదు. ఈ దూరాన్ని తగ్గించేది ఆల్‌వీల్ డ్రైవ్ కాదు, రోడ్డును తాకే రబ్బరు. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగేసరికి బిగుసుకుపోవడం మొదలవుతుంది. చలికాలపు టైరులో సిలికా ఎక్కువ కలిపిన మెత్తటి రబ్బరు ఉంటుంది. దాని మీద వందలాది సన్నని గాట్లు మంచును కరిచి పట్టుకుంటాయి.

ఇక అసలు మోసం దగ్గరికి వద్దాం. కాలిఫోర్నియాలో మంచు పడ్డప్పుడు చక్రాలకు చెయిన్లు తప్పనిసరి చేసే చెయిన్ కంట్రోల్‌కు ఆర్1, ఆర్2, ఆర్3 అని మూడు మెట్లున్నాయి. ఆర్2 దగ్గర నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఆల్‌వీల్ వాహనాలను చెయిన్లు తగిలించకుండానే పోనిస్తారు, కాకపోతే చెయిన్లు కారులో ఉండితీరాలి. ఆర్3 అంటే మినహాయింపు ఎవరికీ లేదు. వినడానికి బాగానే ఉంది. స్నో టైరంటే ఏమిటి? రాష్ట్ర వాహన చట్టం 558వ సెక్షన్ ప్రకారం మామూలు టైరుతో పోలిస్తే కాస్త లోతైన, మొరటైన గాళ్లున్న టైరు. అంతే. చెయిన్ కంట్రోల్ దగ్గర టైరు అంచున ఎం ప్లస్ ఎస్ అన్న గుర్తు ఉండి, గాడి లోతు అంగుళంలో 32వ వంతులు ఆరు ఉంటే సరిపోతుంది.

ఆ ఎం ప్లస్ ఎస్ ఎలా వస్తుందో తెలుసా? టైరు ముఖం మీద గాళ్లు, ఖాళీలు పాతిక శాతం ఉంటే తయారీదారు ఆ అక్షరాలు అచ్చువేసుకోవచ్చు. మంచు మీద ఒక్క పరీక్ష జరగదు. ఒక్క మీటరు నడిపి చూడరు. బే ఏరియాలో తిరిగే ఆల్ సీజన్ టైర్లలో చాలావాటికి ఆ అక్షరాలున్నాయి. అంటే ఏ మంచునూ చూడని టైరుకు ప్రభుత్వమే యోగ్యతాపత్రం ఇచ్చి, పిల్లలతో నిండిన కారును 7,239 అడుగుల డానర్ శిఖరం మీదికి పంపుతోంది. ఇది అజాగ్రత్త కాదు, చట్టం రాసిపెట్టిన ప్రమాదం.

నిజమైన గుర్తు లేక కాదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు ఉండే ముద్రను అమెరికా, కెనడా టైరు పరిశ్రమలు 1999లోనే తెచ్చాయి. అణిగిన మంచు మీద ప్రామాణిక టైరు కంటే కనీసం పది శాతం ఎక్కువ పట్టు చూపితేనే ఆ ముద్ర దక్కుతుంది. అదీ ముందుకు కదిలే పట్టుకే పరీక్ష, ఆగడానికి కాదు. అయినా ఏ పరీక్షా లేని అక్షరాల కంటే ఎంతో నయం. క్విబెక్ 2008 చలికాలం నుంచి వింటర్ టైర్లను తప్పనిసరి చేసింది. జర్మనీ 2024 అక్టోబరు 1 నుంచి చలి రోడ్ల మీద ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉన్న టైర్లు చెల్లవని తేల్చేసింది. ఇక మన డానర్ కనుమ సంగతి: 1846లో బండ్లతో వలస వచ్చిన డానర్ బృందం మంచులో చిక్కి దాదాపు సగం నశించింది ఇక్కడే. 1952 జనవరిలో 226 మందితో ఒక రైలు మూడు రోజులు కూరుకుపోయిందీ ఈ కొండల్లోనే. అలాంటి చోట కాలిఫోర్నియా ఇంకా అక్షరాలను నమ్ముకుని కూర్చుంది.

ఖర్చంటారా? ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లకు విడిగా వింటర్ టైర్లు అక్కర్లేదు. మంచు పువ్వు ముద్రతో వచ్చే ఆల్ వెదర్ టైర్లు, మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 వంటివి, ఏడాది పొడవునా వాడుకోవచ్చు. ఎలాగూ టైర్లు మార్చే రోజు వస్తుంది, అప్పుడు ఇవి వేయించుకోవాలి. వారం వారం స్కీకి వెళ్లేవాళ్లు మాత్రం బ్లిజాక్, హకపెలిట్టా వంటి అసలు వింటర్ టైర్లే వేయించుకోవాలి.

చెయిన్లు వీటికి తోడు, బదులు కావు. కొనేముందు కారు మాన్యువల్ తెరవాలి. సుబారులో ముందు చక్రాలకు వేయమంటారు, టెస్లా మోడల్ వైలో వెనక చక్రాలకు. కొన్ని సైజు టైర్లకు చెయిన్లే పట్టవు, అలాంటప్పుడు సన్నని కేబుల్ రకమో, గుడ్డతో చేసిన తొడుగులో దిక్కు. గుడ్డవి తగిలించడం తేలిక, కానీ మంచు లేని తారు మీద త్వరగా చిరిగిపోతాయి. రోడ్డు పక్కన డబ్బు తీసుకుని చెయిన్లు బిగించేవాళ్లకు వాటిని అమ్మే హక్కు లేదు కాబట్టి అక్కడ కొనుక్కోవచ్చనే ఆశ వద్దు. అద్దెకారు ఒప్పందాలు చాలావాటిలో చెయిన్లు నిషేధం. అలాంటి కారుతో తుపాను వారంలో కొండెక్కకూడదు.

బే ఏరియాలోని బాటా వంటి తెలుగు సంఘాలు దీపావళి వేడుకలయ్యాక నవంబరులో ఒక శనివారం ఏదైనా పార్కింగు స్థలంలో చెయిన్లు బిగించడం నేర్పాలి. ఇంటిముందు పొడి నేల మీద ఒకసారి బిగించి చూడనివాళ్లు, చీకట్లో గడ్డకట్టిన వేళ్లతో బిగించలేరు.

చట్టం మారాలంటే ఒత్తిడి కావాలి. ప్రతి కుటుంబమూ తమ అసెంబ్లీ సభ్యుడికీ, రాష్ట్ర సెనేటరుకూ ఉత్తరం రాయాలి. ఓటు లేనివాళ్లూ, వీసా మీద ఉన్నవాళ్లూ రాయవచ్చు. అడగాల్సింది ఇంతే: 558వ సెక్షన్‌లో స్నో టైరు నిర్వచనం మార్చి, ఆర్2 దగ్గర మూడు శిఖరాల ముద్ర ఉన్న టైర్లకే మినహాయింపు ఇవ్వాలి. పాత టైర్లు అరిగేందుకు రెండు చలికాలాల గడువు పెట్టినా అభ్యంతరం లేదు.