కొండదారి పడదాం

విశాఖ అనగానే అందరి కాళ్లూ బీచ్ రోడ్డు వైపే లాగుతాయి. ఈ సంచికలో మిమ్మల్ని కొండల వైపు తీసుకెళ్తున్నాం.

నగరాన్ని ఆనుకునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల ఈ తూర్పు కనుమల అడవిలో చిరుతలూ, కణుజులూ తిరుగుతాయి. భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కితే, రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి, కింద సముద్రం. ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లపాటు గాలి పోగుచేసిన ఇసుకను వాననీరు కోసి మలిచిన లోయలవి. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపూ ఉంది. అయినా ఆ మట్టి గట్టిది కాదు. అంచుల మీద నడిస్తే విరిగిపడుతుంది.

ఊరికి దగ్గరగా ఉండటమే ఈ చోట్లకు వరం, శాపం కూడా. కార్తీక వనభోజనాలకు వెళ్లేవారు విస్తరాకులు, సీసాలు వెనక్కి తెచ్చుకోవాలి. ఉదయాన్నే బయలుదేరండి, నీళ్లు పట్టుకెళ్లండి, గుర్తించిన బాట దాటకండి.

మీ ఊరి చుట్టుపక్కల ఇలాంటి నడకదారులుంటే మాకు రాయండి. వచ్చే సంచికల్లో చోటిస్తాం.

— సంపాదకుడు