అంగట్లో దేవుని గూర్చి ఎగతాళి తగునా?

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)

నూలు ధర, రిబేటు బకాయి, జరీ నాణ్యం, ఇవి తప్ప కార్యదర్శులకు వేరే మాట రాదని మిత్రులు కొందరు నన్ను ఆట పట్టిస్తూ వుంటారు. ఈసారి వేరే మాటే రాస్తున్నాను. అయితే ఇదీ చివరకు మగ్గం దగ్గరకే వచ్చి ఆగుతుంది గనుక ఓపికతో చదువవలసిందిగా మనవి.

తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నేతవారి వూరు మాది. బజారు వీధిలో మా సంఘానికి ఒక అమ్మకపు డిపో కలదు. గుమ్మం పక్కన నల్లబల్ల వుంటుంది. దాని మీద ఆనాటి రకాలు, ధరలు రాస్తాము. డిపోలో పనిచేసే కుర్రవాడు మన నేతవారి బిడ్డే. లెక్క తప్పడు, చెయ్యి శుద్ధం, పుస్తకాలు చదువుతాడు. పోయిన ఆడి మాసంలో, వీధి వీధినా అమ్మవారి జాతరలు జరిగే రోజుల్లో, అతడు ధరల కింద ఈ మాట రాశాడు: "రాతికి చలి వేయదు. చీర మనిషికి కొనండి." తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

దారిన పోయేవారు కొందరు నవ్వారు, కొందరు మొగం చిట్లించుకున్నారు. సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చింది. మారియమ్మకు పెట్టడానికి ఏటా ఆడి మాసంలో ఎర్రంచు పసుపు నూలు చీర మా దగ్గరే కొంటుంది. ఆమెకూ, ఆమె వీధివారికీ అని ఆ రకం జూన్‌లోనే మగ్గానికి ఎక్కిస్తాము. ఆమెకు చదువు రాదు. "ఏమి రాశారు నాయనా, అందరూ నవ్వుతున్నారు?" అని అడిగింది. కుర్రవాడు దాచలేదు. చదివి వినిపించాడు. పైగా, "అవ్వా, ఈ డబ్బుతో నువ్వే ఒక మంచి చీర కట్టుకోరాదా?" అన్నాడు. డిపోలో వున్న నలుగురూ ఆమె వైపు చూశారు. ఆమె విప్పిన కొంగుముడి మళ్లీ బిగించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఒక్క చీరే కదా అనవచ్చు. ఆమె వెనుక ఒక వీధి వుంది. ఆ వీధివారు ఆ ఏడు మా గుమ్మం తొక్కలేదు. జాతరకని నేయించిన చీరల్లో సగానికి పైగా బీరువాలో మిగిలిపోయాయి. నేసినవారికి కూలి అప్పటికే ఇచ్చివేశాము. కాని సరుకు కదలనిదే డబ్బు తిరగదు, డబ్బు తిరగనిదే కొత్త పడుగుకు నూలు రాదు. రెండు మగ్గాలు పది రోజులు ఖాళీగా వున్నాయి. ఆ మగ్గాలవారు ఆ బల్ల మీద ఏమి రాసి వుందో కంటితో చూడనైనా లేదు.

ఆ వారమే పాలకవర్గం కూర్చుంది. పెద్దాయన ఒకరు, "వాణ్ణి ఈ పూటే పంపించెయ్యండి" అన్నారు. మరొక సభ్యుడు లేచి, "వాడన్నదాంట్లో అబద్ధమేముంది? నూలు ధర పెరిగిన నాడు ఏ అమ్మవారు వచ్చి ఆదుకున్నది?" అన్నాడు. మాట మాట పెరిగింది. సమావేశాన్ని మరునాటికి వాయిదా వేయించి, కుర్రవాణ్ణి విడిగా పిలిచి అడిగాను.

"ఏరా అబ్బాయ్, నీకు నమ్మకం లేకపోతే గుడికి పోవద్దు. బల్ల మీదికి ఎక్కించడం ఎందుకు?"

కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మామా, నా చదువుకని దాచిన డబ్బు మా నాన్న జాతర చందాకు ఇచ్చాడు. ఇవ్వకపోతే వీధిలో తలెత్తుకోలేమన్నాడు. రెండేళ్లు చదువు మాని మగ్గం గుంటలో కూర్చున్నాను. ఇంకొకడికి అలా జరగకూడదనే రాశాను."

ఆ మాట విన్న తరువాత వాణ్ణి పొగరుబోతు అనడానికి నాకు నోరు రాలేదు. వాడి కోపానికి ఒక వేరు వుంది. కనుక నేను రాసేది నాస్తికుల మీద కాదని ముందే మనవి చేస్తున్నాను.

ఆ మాటకు వస్తే, దేవుని పేరిట జరిగే డంబాన్ని నిలదీయడం నేతవారికి కొత్త కాదు. కాశీలో మగ్గం నేసిన కబీరు పండితుణ్ణీ వదలలేదు, ముల్లానూ వదలలేదు. కన్నడ దేశంలో మన దేవాంగ సోదరులు పూజించే దాసిమయ్య నేతపని చేస్తూనే వచనాలు చెప్పినవాడు. శివుణ్ణే ఎదురుగా నిలబెట్టి మాట్లాడినవాడు. కాని వారు ఎవరిని నిలదీశారో చూడండి. తమకంటె పైన కూర్చున్నవారిని నిలదీశారు. తన బట్ట కొన వచ్చిన పేదరాలి మొక్కును కబీరు వెక్కిరించాడని నేనెక్కడా వినలేదు.

ఈ సందర్భంలో 1953 సంగతి ఒకటి చెప్పాలి. అది చేనేత బట్ట అమ్ముడుపోక మన మగ్గాలు ఆగిపోయిన కాలం. ఆ ఏడు అన్నాదురై గారు తిరుచినాపల్లి వీధుల్లో చేనేత బట్టలు భుజాన వేసుకుని అమ్మారు. ఆయన పెరియార్ గారి వద్ద హేతువాదం నేర్చినవారు, నేతవారి వూరైన కాంచీపురంలో పుట్టినవారు. అదే ఏడు మే 27వ తేదీన, అదే తిరుచినాపల్లిలో, టౌనుహాలు మైదానంలో పెరియార్ గారు వినాయకుని మట్టి ప్రతిమను పగలగొట్టారు. ఒకే వూరు, ఒకే ఏడు, ఒకే ఉద్యమం నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు. మైదానంలో జరిగినది సిద్ధాంత ప్రచారం. వినదలచినవారు వచ్చారు, వద్దనుకున్నవారు కోర్టుకు వెళ్ళారు. వీధిలో జరిగినది బట్టల అమ్మకం. కొనేవాడి నుదుట విభూతి వున్నదా నామం వున్నదా అని చూసి అమ్మితే ఆ మూట బరువు తగ్గేది కాదు.

వేదిక వేరు, అంగడి అరుగు వేరు. వేదిక మీద మాటకు ఎదుటివాడు లేచి జవాబు చెప్పగలడు. అంగట్లోకి వచ్చినవాడు అవసరం మీద వచ్చినవాడు. చర్చకు సిద్ధపడి రాలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడిదే అక్కడ పైచేయి. చదువు రాని మనిషిని, నలుగురి ఎదుట, ఆమె చేతిలోని డబ్బుకు కారణమైన నమ్మకాన్నే పట్టుకుని నవ్వడం ధైర్యం క్రిందికి రాదు.

మన వృత్తిలోనే దీనికొక పాఠం వుంది. మశ్రూ అనే బట్ట గూర్చి పెద్దలు చెప్పగా వినే వుంటారు. మగవారు అచ్చమైన పట్టు ఒంటికి తగిలేలా తొడగరాదని ముస్లిములలో ఒక నియమం. దానికి నేతవాడు కనిపెట్టిన వుపాయం ఇది: పడుగు పట్టు, పేక నూలు. శాటిను కట్టులో నేస్తే పైకి పట్టు నిగనిగలాడుతుంది, ఒంటికి నూలే తగులుతుంది. మశ్రూ అన్న మాటకు ధర్మసమ్మతం అని అర్థం. గుజరాతులోనూ దక్కనులోనూ ఈ బట్ట నేశారు. నేసినవారిలో హిందువులూ వున్నారు. వారికి ఆ నియమంతో పని లేదు. అయినా "ఇదేమి పిచ్చి నియమం" అని నవ్వలేదు. కొనేవాడి నియమాన్ని మగ్గంలోకి తీసుకున్నారు. మడికి పట్టే కట్టాలన్న ఆచారం ఎన్ని పట్టుమగ్గాలకు అన్నం పెట్టిందో మీకు తెలియనిది కాదు. మనం అన్ని మతాల నమ్మకాల మీద బ్రతికినవాళ్లం. పంచె కట్టేవాడూ, లుంగీ కట్టేవాడూ మనకు అన్నదాతలే.

"సొంత దుకాణంవాడు తన అభిప్రాయం బోర్డు కట్టుకుంటే తప్పా?" అని అడగవచ్చు. నా మటుకు తప్పనను. మూలధనం వాడిది, నోరు వాడిది. లాభమైనా నష్టమైనా వాడే పడతాడు. నచ్చనివారు పక్క కొట్టుకు పోతారు. సహకార సంఘం అలాటిది కాదు. వాటా ధనం వందమందిది. అందులో భక్తుడున్నాడు, నాస్తికుడున్నాడు. వారందరి తరఫున ఒక్కడు గుమ్మంలో నిలబడి మాట్లాడరాదు.

ఈ ధర్మం మనకు పెద్దలు ఏర్పరచినదే. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది కూడి పెట్టిన అంగడి నుంచే మన సహకారోద్యమం బయలుదేరింది. వారిలో నేతవారు కలరు. ఆ సంఘ చరిత్ర రాసిన హోలియోక్ అనే ఆయన దైవదూషణ చేశాడని 1842లో ఆరు నెలలు జైలులో వున్నవాడు. ప్రజలు ఇంత పేదరికంలో వుండగా దేవునికి మాత్రం పూర్తి జీతమెందుకు, సగం జీతం మీద వుంచండి అని సభలో అన్నందుకు ఆ శిక్ష. అంతటి నాస్తికుడు మెచ్చుకుని చరిత్ర రాసిన అంగడిలో క్రైస్తవ భక్తులూ, భక్తి లేనివారూ కలిసి పిండి, వెన్న కొన్నారు. తరువాత 1937లో అంతర్జాతీయ సహకార కూటమి ప్రకటించిన సూత్రాలలో, మత విషయాలలోనూ రాజకీయాలలోనూ తటస్థంగా వుండాలన్నది ఒకటి. హోలియోక్ నోరు మూసుకోలేదు. సభలో అన్నాడు, దానికి జైలుకు వెళ్ళాడు. అంగడిని మాత్రం అంగడిగా వుండనిచ్చారు.

చట్టం గూర్చి కూడా రెండు మాటలు. మత భావాలను గాయపరచడం గూర్చి 1927లో పెట్టిన 295-ఏ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షనుగా వుంది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో చేసినదే దాని క్రిందికి వస్తుంది. తిరుచినాపల్లి వినాయకుని కేసు 1958లో సుప్రీం కోర్టు దాకా పోయింది. ఒక వర్గంవారు పవిత్రమని భావించే మట్టి బొమ్మకైనా చట్టం రక్షణ వుందని కోర్టు అన్నది. కాని చాలా కాలం గడిచిపోయిందని ఆ కేసును మళ్లీ నడిపించలేదు. విదేశాల్లో ఇంకొక తీర్పు వుంది. లిథువేనియాలో ఒక బట్టల వ్యాపారి ఏసు, మేరీల పేర్లతో తన దుస్తులను చమత్కారంగా ప్రకటించుకున్నాడని అక్కడివారు జరిమానా వేశారు. ఆ జరిమానా వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని 2018లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం చెప్పింది. కనుక మా కుర్రవాడు రాసినది నేరం అని నేననను. నేరం కానిదంతా మర్యాద అవుతుందా అన్నదే నా ప్రశ్న.

ఇక భక్తులమని చెప్పుకునేవారికీ ఒక మాట చెప్పక తప్పదు. మన దేవుణ్ణి ఎవరైనా అంటే దూషణ అంటాము. బురఖా వేసుకుని వచ్చిన ఆమెను చూసి మన కొట్టువాళ్లు ఒకరికొకరు కన్ను గీటుకుంటే, సిలువ మెడలో వేసుకున్నవాడు ధర అడిగితే ఎకసెక్కంగా జవాబు చెబితే, దానికేమి పేరు? అదీ అంగట్లో చేసిన దైవదూషణే. అలాగే ప్రతి మాటకూ ఉలిక్కిపడడం కూడా మన వ్యాపారానికి మంచిది కాదు. 2021లో చేనేత బట్టలు అమ్మే ఒక పెద్ద కంపెనీ, ఫాబ్ ఇండియా, దీపావళి ముందు తెచ్చిన రకానికి 'జశ్న్-ఏ-రివాజ్' అని ఉర్దూ పేరు పెట్టిందని గొడవ జరిగి ఆ ప్రకటన తీసివేయవలసి వచ్చింది. అందులో ఏ దేవుణ్ణీ ఎవరూ అనలేదు. ఇలా పేర్లు వెతకడం మొదలుపెడితే, మన చీర అడుగు అంచులో నేసే గుడి గోపురాన్నీ రుద్రాక్షనూ చూపి, పాదాల దగ్గర దేవుణ్ణి పెట్టారని రేపు మన మీదికే రావచ్చు.

సమావేశం మరునాడు మళ్లీ కూర్చుంది. మూడు తీర్మానాలు చేశాము. ఒకటి, డిపో బల్ల మీద రకం, కొలత, ధర తప్ప మరేమీ రాయరాదు. భక్తి మాటైనా సరే. రెండు, ఏ మతంవారు వచ్చినా వారి నమ్మకం గూర్చి గుమాస్తాలు నోరెత్తరాదు. మూడు, జాతర చందాలను ఎవరి కూలి లెక్కలోనూ కోయరాదు. ఇవ్వదలచినవారు తమ చేతితో ఇచ్చుకోవచ్చు, ఇవ్వనివారిని అడగరాదు. మూడవది కుర్రవాడి కోసం నేను పెట్టినది. దాని మీదే ఎక్కువ సేపు తగవు జరిగింది. అతణ్ణి ఉద్యోగంలోంచి తీయలేదు.

ఆ సాయంత్రం అతణ్ణి వెంటబెట్టుకుని ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. జాతరకు ఇంకా రెండు రోజులు వుంది. కుర్రవాడు, "తప్పయింది అవ్వా, మీ దేవతను అన్నాను" అన్నాడు. ఆమె, "అమ్మవారి సంగతి అమ్మవారు చూసుకుంటుంది నాయనా. నలుగురిలో నన్ను పిచ్చిదాన్ని చేశావు" అన్నది. తరువాత లోపలికి వెళ్లి, వేరే కొట్లో కొన్న చీర తెచ్చి చూపించింది. చేనేత అని చెప్పి అమ్మారట. కుర్రవాడు కొంగు వేళ్ల మధ్య పెట్టి చూశాడు. మరమగ్గం సరుకు. నా వైపు చూశాడు. ఆమెతో ఏమీ అనలేదు.

రాయికి చలి వేయకపోవచ్చు. ఆ చీర నేసినవాడికి ఆకలి వేస్తుంది, కొన్నదానికి మనసు వుంటుంది. ఈ ఏడు కూడా ఎర్రంచు పసుపు రకం మగ్గానికి ఎక్కించాము. ఆమె వస్తుందో రాదో చూడాలి.

షోలాపురంలో, సేలంలో, బరంపురంలో, యానాంలో సంఘాలు నడుపుతున్న సోదరులు తమ డిపోలలో ఈ విషయమై ఏమి చేస్తున్నారో పత్రిక ద్వారా తెలియజేయ ప్రార్థన. మూడవ తీర్మానం గూర్చి ముఖ్యంగా రాయండి. అక్కడే మన అసలు పరీక్ష వున్నదని నా నమ్మకం.